వైద్యులను మింగిన రోగి

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. దేనికైనా శాస్త్రీయ నామం తెలిస్తే చాలు, అది మన మాట వింటుందని. బాటనీలో ఎమ్మెస్సీ చేసి, పట్టా మీద సిరా ఆరకముందే హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరినదాన్ని. ఎవరు ఏం చెప్పినా "అట్లెట్ల?" అని అడగడం నా జన్మహక్కు అనుకునేదాన్ని. బస్సులో కండక్టర్‌తో, బండి మీద కూరగాయలమ్మే ఆమెతో, ఆఖరికి మేనత్త కొడుకు పెళ్లిలో పంతులుగారితో కూడా వాదించాను. (ముహూర్తం దాటిపోయిందని నేనన్నది నిజమే. గడియారం నాకూ ఉంది.) నా గురించి ఎవరడిగినా మా అమ్మ ఒకటే మాట చెప్పేది: "దానికి సదువంత ఒచ్చింది గని, ఊకునుడు ఒక్కటి రాలె." నోరు మూసుకుని ఊరుకోవడం రాని ఇలాంటి పిల్లకు లెక్చరర్ ఉద్యోగం దొరకడమంటే మాటలా? ఒక పీరియడ్ మొత్తం, ఎదురుగా కూర్చున్న వాళ్లు లేచిపోకుండా, అడ్డం రాకుండా నేను చెప్పేది వినాలి. పైగా దానికి జీతం. ఆ ఉద్యోగం పోతే నాకు అన్నం సహించదని చేరిన మొదటి వారంలోనే తెలిసిపోయింది.

మా కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. కింద బ్యాటరీల దుకాణం, దాని పైన ఉన్న అంతస్తులన్నీ మావి. కాలేజీ పెట్టినాయనను అందరం పెద్దసారు అనేవాళ్లం. ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసి పైకొచ్చిన మనిషి. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, ఒకటి విరిచి వాసన చూసినట్టే, లెక్చరర్లను కూడా ఒకసారి ఎగాదిగా చూసి రకం తేల్చేసేవాడు. ఆయన ఆ ఎండాకాలం కుటుంబంతో బెంగుళూరు పోయి, పూల ప్రదర్శనలో ఒక కుండీ కొనుక్కొచ్చాడు. అందులో ఉన్నది నెపెంథిస్, అంటే కూజా మొక్క. ఆకు చివర తీగ సాగి, ఆ తీగ కొసన మూత ఉన్న చిన్న కూజా వేలాడుతుంటుంది. లోపల జిగట నీళ్లు. తేనె వాసనకు వచ్చిన పురుగు అంచు మీద కాలు జారి అందులో పడితే మళ్లీ పైకి రాదు, మెల్లగా అరిగిపోతుంది. ఇంటర్‌లో బైపీసీ చదివిన ప్రతి పిల్లా బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, జన్మలో ఒక్కసారైనా కళ్లతో చూడకుండా పాసైపోయే మొక్క అది. (నేనూ అంతే. ఎమ్మెస్సీలో కూడా సీసాలో ఊరబెట్టినదే చూశాను, ఆవకాయ ముక్కలా ఉండేది.)

పెద్దసారు మొక్కతో ఆగలేదు, కరపత్రాలు కూడా వేయించాడు. "జిల్లాలో మాంసాహార మొక్క గల ఏకైక కళాశాల" అని పైన ఎర్రక్షరాలు, కింద కూజాకు కళ్లు, కోరపళ్లు పెట్టిన బొమ్మ. అడ్మిషన్ల కోసం ఒక ఆదివారం తల్లిదండ్రుల సమావేశం, మొక్క చేత ప్రత్యక్ష ప్రదర్శన, ఆ తర్వాత భోజనాలు. నన్ను పిలిచి కుండీ చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఇది నీ జిమ్మ. ఆదివారం నాడు అందరి ముందట ఇది పురుగును మింగాలె. మింగిందనుకో, జూన్ల నీ నౌకరీ పక్కా."

మింగకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు. తలెత్తి ఫ్యాను వంక చూశాడు. అంతే చాలు.

మొక్కను ల్యాబ్ కిటికీలో వేలాడదీశాను. అసలు కష్టం అక్కడే మొదలైంది. మా వరంగల్ వాళ్ల సంగతి మీకు తెలుసు కదా, తెరిచి ఉన్న నోరు కనిపిస్తే ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేరు. ఇంటికి కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చిన మనిషినైనా తిన్నావా అని అడిగే జాతి మాది. ఇక గుమ్మం పక్కనే అన్ని నోళ్లు తెరుచుకుని ఒక ప్రాణి వేలాడుతుంటే ఊరుకుంటారా? వేసవి కోచింగ్‌కు వచ్చిన పిల్లలు పోటీలు పడి ఈగలు పట్టుకొచ్చారు. లెక్కల సార్ మిర్చిబజ్జీ తింటూ వచ్చి, మిరపకాయ తనుంచుకుని పిండి కొస దాని నోట్లో వేశాడు. ఊడ్చే ఆయమ్మ అయితే ఇంట్లో కోడికూర వండుకున్న రోజు చిన్న ముక్క ఆకులో కట్టుకుని తెచ్చేది. నేను "తినిపించరాదు" అని బోర్డు రాసి పెడితే, ఆమె దాని మీద దుమ్ము చక్కగా తుడిచి, దాని పక్కన నిలబడే తినిపించింది. ఎందుకమ్మా అంటే, "నోరు తెరుసుకోని సూస్తాంది మేడం. ఇంత పెట్టకుంట ఎట్ల పోతం?" అంది. అది చూడటం లేదని, దానికి కళ్లు లేవని నేను వాదించాను. ఆమె కరపత్రం తీసి కళ్లు చూపించింది.

సమావేశం దగ్గర పడుతుండగా ఆకులు పాలిపోవడం మొదలైంది. సూదితో గుచ్చినట్టు పైనంతా తెల్లటి చుక్కలు. ఆకు తిప్పి చూస్తే అడుగున పొగలాంటి సన్నటి గూడు. భూతద్దం పెట్టాను. ఎర్రటి నలుసులు తీరుబడిగా నడుస్తున్నాయి. ఎర్రనల్లి. (మంచంలో ఉండే నల్లి కాదు, ఆకు రసం పీల్చే సాలీడు జాతి నలుసు.) నేను గుర్తుపట్టానన్న సంతోషంలో మొక్క చస్తోందన్న సంగతి కాసేపు గుర్తే లేదు. మన ఎండకు, పొడిగాలికి నల్లి ఇట్టే పెరుగుతుంది. పురుగులను తినే మొక్క మీద పడి దాన్నే తింటోంది. మరి మొక్క వాటిని ఎందుకు తినదు మేడం అని పిల్లలు అడిగారు. తినాలంటే అవి నోటి దాకా రావాలి కదా. నల్లి తెలివైనది, ఆకు అడుగునే కూర్చుని రసం పీల్చుకుంటుంది. కొత్వాలు గడపలో కత్తి పట్టుకుని కూర్చుంటే, దొంగలు వెనుక నుంచి ఎక్కి ఇంటి పెంకులు ఒక్కొక్కటే ఎత్తుకుపోయినట్టు.

ఇది జువాలజీ వాళ్ల పని అని నాకు చాలా స్పష్టంగా అనిపించింది. జువాలజీ చెప్పేది మా కాలేజీలో ఒకాయన, పిల్లలు కప్పల సార్ అనేవాళ్లు. ఎప్పుడు చూసినా జేబులో పురుగులు పట్టే చిమటా, చేతిలో ఏదో ఒక డబ్బా. ప్రిన్సిపాల్ గదిలో ఆయనను నిలబెట్టి, నల్లికి ఎనిమిది కాళ్లున్నాయి, కాళ్లున్నవన్నీ మీ డిపార్ట్‌మెంట్, వచ్చి పట్టుకుపొండి అన్నాను. ఆయనేం తక్కువ తిన్నాడా.

"మేడం, అది కాపురం పెట్టింది మీ ఆకు మీద. ఇంటి ఓనర్ మీరు. కిరాయిదారును ఖాళీ చేయించుడు ఓనర్ పని."

"కిరాయి ఇస్తే కిరాయిదారు. ఇది గోడలు తింటాంది."

ప్రిన్సిపాల్ గారు రెండు చేతులూ ఎత్తి, ఇద్దరూ బయటికి పోయి తేల్చుకోండి, నాకు బీపీ ఉంది అన్నారు. మేము వరండాలో గంట కొట్టే దాకా తేల్చుకున్నాం. ఏమీ తేలలేదు.

మా చిన్నాయనకు ఎనుమాములలో పురుగు మందుల దుకాణం ఉంది. నా కాలేజీ ఉద్యోగం ఎప్పుడు పోతుందా, తన కౌంటర్ మీద ఎప్పుడు కూర్చోబెడదామా అని ఆయన ఎదురుచూసేవాడు. "డబ్బాల మీద పేర్లు సదువుడు నీకు అల్కగుంటది బిడ్డా" అనేవాడు. ఆ పేర్లు చదవడానికా నేను ఎమ్మెస్సీ చేసింది? అయినా అవసరం నాది కదా, ఒక ఆకు కాగితంలో చుట్టుకుని పోయాను. ఆయన ఆకును వేళ్ల మధ్య నలిపి, ఇది మిరపకు వచ్చే ముడత తెగులు అన్నాడు. ఆయనకు లోకంలోని ఆకులన్నీ మిరపాకులే. కాదు నల్లి అన్నాను. అయితే నల్లే అని, మూడు సీసాలు తీసి కౌంటర్ మీద పెట్టి, మూడూ కలిపి కొట్టు, ఏ రోగముంటే ఆ రోగం పోతుంది అన్నాడు. నేను సీసాలు తిప్పి చదివి, ఇందులో రెండు నల్లిని ఏమీ చేయలేవని, మూడోది కొడితే నల్లిని తినే మంచి పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుందని వివరించాను. కొంచెం గట్టిగానే వివరించినట్టున్నాను. మందు కొనడానికి వచ్చి నిలబడిన ఒక రైతు, తన చేతిలో ఉన్న అదే మూడో రకం సీసాను మెల్లగా మళ్లీ అల్మారాలో పెట్టి వెళ్లిపోయాడు. చిన్నాయన ఆ మనిషి పోయిన దిక్కే చాలాసేపు చూశాడు.

"బిడ్డా, నువ్వు గా కాలేజీలనే ఉండు. ఎట్లనన్న జేసి ఉండు" అన్నాడు.

అలా రెండో దారి కూడా మూసుకుపోయింది. ఇక మొక్క బతికి, ఆదివారం నాడు మింగితేనే నా బతుకు.

అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మందు వద్దు, పురుగును పురుగుతోనే కొట్టాలి. అక్షింతల పురుగులు ఉంటాయి చూడండి, ఎర్రటి గుండ్రటి డిప్ప మీద నల్లచుక్కలతో. అవి చేలల్లో చీడపురుగులను కరకరా నమిలేస్తాయి. (వాటికి అసలు ఇష్టమైనది పేనుబంక అని, నల్లి అంటే ఏమీ దొరకనప్పుడు మాత్రమే ముట్టుకుంటాయని తర్వాత తెలిసింది. పుస్తకాల వాళ్లు ఇలాంటివి చిన్న అక్షరాల్లో ఎందుకు వేస్తారో.) ఈ పథకం వినగానే కప్పల సార్ ముఖం వెలిగిపోయింది. కాళ్లున్న వాటికి చివరికి ఒక గౌరవప్రదమైన పని దొరికిందని ఆయన సంతోషం. కొట్లాట పక్కన పెట్టి, స్కూటర్ వేసుకుని మడికొండ అవతల ఎవరిదో బొబ్బర్ల చేనులో ఎండలో దేవులాడి, జామ్ సీసా నిండా పురుగులు తెచ్చాడు. పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి, జీవ నియంత్రణ అంటే ఏమిటో నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన పెళ్లిలో అక్షింతలు చల్లినంత పద్ధతిగా వాటిని మొక్క మీద వదిలాడు. కిటికీలు మూశాం, తలుపు వేశాం. పోతూ పోతూ ఒకరినొకరం మెచ్చుకున్నాం కూడా.

మరునాడు పొద్దున వచ్చి చూస్తే ఆకుల మీద ఒక్క అక్షింతల పురుగు లేదు. నల్లి మాత్రం నిండుగా, నిమ్మళంగా ఉంది. కిటికీ సందులు వెతికాం, బల్లల కింద వెతికాం. ఆఖరికి కప్పల సార్ ఒక కూజా మూత ఎత్తి లోపలికి చూశాడు. తర్వాత పక్క కూజా. ఆ తర్వాత ఇంకొకటి. చిమటా జేబులో పెట్టుకుని, దవాఖానలో చుట్టాలకు చెప్పే గొంతుతో అన్నాడు:

"మేడం, మీ పేషెంటు మా డాక్టర్లను మింగింది."

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. అది పురుగులు తినే మొక్క అన్న సంగతి, దాని పేరు, కుటుంబం, కూజా గోడలో ఎన్ని రకాల గ్రంథులుంటాయో అన్నీ తెలిసిన ఇద్దరు పోస్టుగ్రాడ్యుయేట్లం మేము. ఒక్కరికీ తట్టలేదు. పోయి పోయి పులికి జ్వరమొచ్చిందని మేకను డాక్టరుగా పంపాం.

ఆ సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే ఒక ఉపాయం దొరికింది. మొక్కను ఆకులతో సహా ఒక రోజు పాటు నీళ్లలో ముంచి ఉంచితే నల్లి ఊపిరాడక చస్తుందట. కాని మామూలు నీళ్లు పనికిరావు. ఈ మొక్కకు ఉప్పు తగలకూడదు. మన బోరు నీళ్లా, బిందె అడుగున సున్నం కట్టే రకం. వానలు ఇంకా రాలేదు. ఏం చేయాలా అని మెట్లు దిగుతుంటే కింద బ్యాటరీ దుకాణం కనిపించింది. డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు గోడకు గోడ పేర్చి ఉన్నాయి. అన్నీ కావాలన్నాను. ఎన్ని ఇన్వర్టర్లు మేడం అని దుకాణం ఆయన అడిగాడు. ఇన్వర్టర్లు కాదు, మొక్క అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అది ఎన్ని వోల్టులది అన్నాడు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. నేను వాదన వదిలేసిన సందర్భాలు తక్కువ, అది ఒకటి.

మొక్క మునిగేంత పాత్ర ఎక్కడిది? శనివారం మధ్యాహ్నానికి టెంట్ హౌస్ వాళ్లు ఆదివారం భోజనాల కోసం దేక్సాలు తెచ్చి వెనుక ఆవరణలో దించిపోయారు. వాటిలో పెద్దది ఎంచుకుని, తోమించి, బ్యాటరీ నీళ్లు పోసి, కుండీని పాలిథిన్ సంచిలో మూతి బిగించి కట్టి, మొక్కను పడుకోబెట్టి పైన రాయి పెట్టాను. విరిగిన ఆకులు నాలుగు పైన తేలాయి. దేక్సా మీద మూత వేశాను. దిష్టి తగలకుండా ఆయమ్మ మూత మీద రెండు ఎండుమిరపకాయలు పెట్టింది. పోనీలే అనుకున్నాను, మిరపకాయలైతే తినిపించలేదు కదా.

ఆదివారం పొద్దున వెనుక గేటు తీసేసరికి ఉల్లిగడ్డ వేగుతున్న వాసన, షాజీరా వాసన. వంటాయన లుంగీ ఎగ్గట్టి బగార అన్నానికి ఏర్పాట్లలో ఉన్నాడు. నా దేక్సా కట్టెల పొయ్యి మీద ఉంది. కింద మంట ఉంది.

"మామా, అండ్ల ఏమున్నది?" అన్నాను.

"ఎసరు బిడ్డా. మేం అచ్చేటాల్లకే ఎవలో పుణ్యాత్ములు పోసి పెట్టిండ్రు. బగారాకు గూడ ఏసిండ్రు గని, జర ఎక్కువైంది. అందాజ తెల్వనోళ్లు."

(పైన తేలిన ఆకులే చూశాడాయన, అందులోనూ పొగలో ఒక కన్నుతో. అడుగున కుండీ పడుకుని ఉంటుందని ఎవరనుకుంటారు? బగారాకు, అదే బిర్యానీ ఆకు, ఎండినది, ఇది పచ్చిది కదా, తేడా తెలియదా అని నేను వాదించబోతే, పచ్చిదైతే వాసన ఇంకా మంచిగుంటుంది అన్నాడు.) ఇవన్నీ తర్వాతి మాటలు. అప్పటికైతే ఆయన చేతుల్లో దోసెడు ఉప్పు కనిపించింది. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఉప్పు నేల మీద పడింది, నా చెయ్యి దేక్సాలో పడింది. నీళ్లు చంటిపిల్ల స్నానానికి పెట్టినంత వేడిగా ఉన్నాయి, అంతకు మించి లేదు. రాయి తీసి, కుండీ లాగి, మొక్కను కొంగులో చుట్టుకుని మెట్లెక్కాను. వెనుక నుంచి వంటాయన గొంతు వినిపించింది, "ఆకు తీసుకపోతాంది, మల్ల ఎసట్ల వాసనెట్ల ఒస్తది?" అని.

సమావేశం మొదలయ్యేసరికి హాలు నిండిపోయింది. వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద నా మొక్క. ఆకులు తలస్నానం చేసి ఆరబోసుకున్న జుట్టులా వేలాడుతున్నాయి. నీళ్లు చుక్కచుక్కగా కారుతున్నాయి. పెద్దసారు అడవుల గురించి, విద్య గురించి, మిర్చి ధర గురించి మాట్లాడి, "ఇగ సూడుండ్రి" అని ఒక చీమను చిమటాతో కూజాలో వేశాడు. రాత్రంతా మునిగి ఉండటంతో కూజాలో జిగట పోయి, అంచుల దాకా బ్యాటరీ నీళ్లే నిండి ఉన్నాయి. చీమ హాయిగా ఒక చుట్టు ఈది, అంచు ఎక్కి, మీసాలు తుడుచుకుని, బల్ల దిగి వెళ్లిపోయింది. అందరూ దాన్ని కళ్లతోనే సాగనంపారు.

వెనుక వరుసలోంచి ఒకాయన, మింగుతలేదేంది సార్ అన్నాడు. పెద్దసారు నా వంక చూశాడు. మార్కెట్లో బస్తా విప్పగానే తెల్లబారిన తాలు కాయలు బయటపడితే ఎలా చూస్తాడో అలా. జూన్ నా కళ్ల ముందు నుంచి చీమలాగే నడిచి వెళ్లిపోతోంది. ఇంకేం చేయను, నాకు వచ్చింది ఒక్కటే విద్య. పోయి మైకు లాక్కున్నాను.

"ఎందుకు మింగాలె?" అన్నాను. ఒక కూజాను తెంపి, తెల్ల పళ్లెంలో వంచాను. అక్షింతల పురుగుల డిప్పలు జలజలా రాలాయి. ఇంకొకటి తెంపి వంచాను. "ఇదంతా మొన్న తిన్న తిండి. ఇంకా అరుగుతాంది. కడుపునిండ తిన్న చుట్టాన్ని నడింట్ల నిలబెట్టి, నలుగురు చూస్తరు ఇంకింత మింగు అంటే మింగుతడా?"

ముందు వరుసలో ఒకామె తాపీగా, "మా మరిది మింగుతడు" అంది.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. నేను ఊరుకున్నానా? మీ మరిది మనిషి కాబట్టి ఆబ ఉంది, మొక్కకు ఆబ లేదు, అదే దీని గొప్పతనం అన్నాను. అక్కడి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. మనిషి వేలు పెడితే తింటదా, కోడిని తింటదా, మాంసం తినే మొక్కను శనివారం పూట ఇంట్లో ఉంచుకోవచ్చా. ఒక్కొక్కరికీ వాదించి వాదించి జవాబు చెప్పాను. బగార అన్నం చల్లారిపోతుందని వంటాయన వచ్చి గరిటెతో తలుపు కొడితే గాని ఎవరూ లేవలేదు.

భోజనాలయ్యాక పెద్దసారు నన్ను పిలిచాడు. పళ్లు కుట్టుకుంటూ చాలాసేపు ఎగాదిగా చూశాడు.

"మొక్క మింగలె గని, నువ్వు మైకును మింగినవమ్మా. జూన్ల రా. సగం దినం బాటనీ చెప్పు, సగం దినం అడ్మిషన్లు చూడు."

ఇంత చదివింది అడ్మిషన్లు చూడటానికా అని అడుగుదామని నోటి దాకా వచ్చింది. కప్పల సార్ వెనుక నుంచి చిమటాతో నా కొంగు పట్టి లాగాడు.

తర్వాత భూతద్దం పెట్టి ఎన్ని రోజులు వెతికినా ఆ మొక్క మీద నల్లి కనిపించలేదు. మునగడం వల్ల చచ్చిందని నేను, వేడి వల్ల చచ్చిందని కప్పల సార్, ఎండుమిరపకాయల వల్ల అని ఆయమ్మ వానలు పడే దాకా కొట్లాడుకున్నాం. వంటాయనకు మాత్రం ఇదేదీ తెలియదు. ఆ రోజు బగారకు వాసన తక్కువైందన్న ఒక్కటే ఆయన బాధ.

ఇప్పుడు మా కాలేజీ మడికొండ దగ్గర సొంత భవనంలోకి మారింది. నా జుట్టు సగం తెల్లబడింది, బాటనీ విభాగం మొత్తం నా జిమ్మ. ఆ పాత మొక్క కొమ్మలతో పెంచినవి వరండాలో వరుసగా వేలాడుతున్నాయి. ఈ ఎండాకాలం వాటికి మళ్లీ నల్లి పట్టింది. కొత్తగా చేరిన లెక్చరర్ పిల్ల, పట్టా మీద సిరా ఆరనిదే, ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఏం కాదమ్మా, గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో కాసేపు ముంచు, చంటిపిల్ల స్నానానికి పెట్టినంత వేడి చాలు అన్నాను. ఆ పిల్ల ఫోన్లో వెతికి, తల అడ్డంగా ఊపి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"అట్లెట్ల మేడం? దీనికి రెఫరెన్స్ ఏమన్న ఉన్నదా?"

రెఫరెన్స్ అంటే, కట్టెల పొయ్యి ముందు లుంగీ ఎగ్గట్టి, దోసెట్లో ఉప్పుతో నిలబడిన మనిషి కనిపించాడు. ఎలా చెప్పను? అదీ కాక, ఆ నడుము మీద చెయ్యి, ఆ ఎత్తిన గడ్డం, నాకు బాగా తెలిసినవి. నువ్వే ఒక మొక్కను ముంచి, ఒక మొక్కను వదిలేసి చూడు, ఏది బతికితే అదే నీ రెఫరెన్స్ అందామని నోరు తెరిచి, అది తనకే తట్టాలి కదా అనిపించి మళ్లీ మూసుకున్నాను. అమ్మ ఉంటే ఆ సాయంత్రం ఇంటికి పోయి చెప్పేదాన్ని, ఊకునుడు వచ్చిందే అని. నమ్మేది కాదు. నమ్మే దాకా వాదించేదాన్ని.